క్రీస్తుదాసు ఇంటి గడ్డలు

కొత్తపాళెం చర్చిలోకి మగవాళ్ళు తలపాగా తీసి వెళ్ళాలి. క్రీస్తుదాసు తియ్యడు. అందుకని ఆయన ప్రతి ఆదివారం వరండాలోనే కిటికీ పక్కన గోడకానుకుని కూర్చునేవాడు. పాటలు అక్కణ్ణించే పాడేవాడు. ప్రభు సంస్కారపు రొట్టె అక్కడికే తెచ్చి ఇచ్చేవారు. పాస్టర్లు మారారు గాని ఆయన చోటు మారలేదు. కొత్తగా వచ్చిన ఒకాయన లోపలికి రమ్మని మరీమరీ బతిమాలితే, తన తల ఎట్టా ఉందో దేవుడికి తెలుసుననీ, ఇంకొకరికి తెలియాల్సిన పని లేదనీ చెప్పాడట.

తలపాగా కింద ఏముందో ఊరికి కొంత తెలుసు. పిల్లలు చాటున బుడిపెల తాత అనేవారు. ఆయన వాళ్ళ నాయనకూ అట్లాంటివే ఉండేవని పెద్దవాళ్ళు చెప్పుకునేవారు.

కూతురు అబిగయీలు ఆ తలను చూసింది ఒక్కసారే. అప్పటికి ఆమెకు పదిహేనేళ్ళు. నాట్ల కాలం. చేలో గట్లు సరిచేసి వచ్చిన క్రీస్తుదాసు పంచలో కూలబడి మంచినీళ్ళు అడిగాడు. చెంబు అందుకున్న చెయ్యి పట్టు తప్పింది. నోరు ఒక పక్కకు జారింది. కూతుర్ని పిలవబోయి ఏదో అన్నాడు. అది ఆమె పేరు కాదు, అసలు మాటే కాదు. మంచం మీదికి చేర్చాక, చెమటకు తడిసిన తలపాగాను తల్లి విప్పింది. చింతగింజంతవి, గోలీకాయంతవి, నడినెత్తిన కోడిగుడ్డంతది ఒకటి. వాటి మీద వెంట్రుక అనేది లేదు. చర్మం బిగిసి నున్నగా మెరుస్తోంది. మర్నాడు పొద్దెక్కకముందే ఆయన పోయాడు.

చూడవచ్చిన ఆడవాళ్ళలో ఎవరో అన్నారు, ఆ గడ్డలు పైకి కనపడేది కొంచెమేననీ, లోపలికి వేళ్ళు దిగి మెదడును పట్టుకుంటాయనీ, అది లోపల పగిలి మనిషి పోయాడనీ. ఆ మాట అన్నదెవరో అబిగయీలుకు తర్వాత ఎంత తల్చుకున్నా గుర్తు రాలేదు. మాట మాత్రం పోలేదు. పెట్టెలో పడుకోబెట్టేటప్పుడు ఆయనకు తలపాగా చుట్టే పెట్టారు.

ఆమెకు పెళ్ళయింది. భర్త టైటస్ రొయ్యల గుంటలకు మేత బస్తాలు తోలే వ్యాను డ్రైవరు. నెమ్మదైన మనిషి. కూతురు డెబోరా పుట్టిన తర్వాతి ఏడు, అబిగయీలు తలంటి పోసుకుంటుంటే కుడి చెవికి పైన వేలికి ఏదో తగిలింది. కందిగింజంత. నొప్పి లేదు. నొక్కితే వేలి కింద అటూ ఇటూ జరిగింది. సీకాయ నురగ కళ్ళలోకి కారుతున్నా ఆమె చెయ్యి తియ్యలేదు. స్నానాల గదిలో ఎంతసేపు నిలబడిపోయిందో, చంటిది ఏడుస్తుంటే టైటస్ వచ్చి తలుపు కొట్టాడు.

ఆ రోజు నించీ ఆమె రెండు బతుకులు బతికింది. ఒకటి అందరికీ కనపడేది. తెల్లారకుండా వంట చేసి, చిట్టమూరు రోడ్డు మీద రొయ్యల షెడ్డులో పనికి పోవడం, తోటి ఆడవాళ్ళతో పాటు టోపీ, చేతి తొడుగులు వేసుకుని ఐసు నీళ్ళలో నానిన రొయ్యల తలలు తీసి పొట్టు వలవడం, సాయంత్రానికి వేళ్ళు కొయ్యబారి ఇల్లు చేరడం. రెండోది ఎవరికీ తెలియనిది. పొద్దున లేవగానే స్టీలు చెంచా తీసుకుని, నోరు వంకర పోలేదు కదా అని అందులో చూసుకునేది. రెండు చేతులూ పైకెత్తి, రెండూ ఒకటిగా లేస్తున్నాయో లేదో చూసేది. తర్వాత చిన్నగా కూతురి పేరు పలికేది, నాలుక తడబడుతుందేమోనని. ఇవన్నీ అయ్యాకే పొయ్యి వెలిగించేది. ఎప్పుడైనా తల నొప్పి పుడితే ఇక ఆ పూటంతా చేతిలో పని చేతిలోనే ఉండిపోయేది. అదిగో, లోపల వేరు కదిలింది అనుకునేది.

కందిగింజ చింతగింజయింది. పక్కన ఇంకొకటి లేచింది. వెనక పెడతల దగ్గర మూడోది. పెద్దదాని మీద వెంట్రుకలు పలచబడి, రాలి, రూపాయి బిళ్ళంత బోడి తేలింది. ఆమె పాపిడి మార్చుకుంది. కొప్పు పక్కకు జరిపి వేసుకుంది. చర్చిలో ఆడవాళ్ళు ఎటూ ముసుగు వేసుకుంటారు, షెడ్డులో ఎటూ టోపీ ఉంటుంది. దాచుకోవడానికి దేవుడూ షెడ్డు మేస్త్రీ ఇద్దరూ సాయం చేశారు. టైటస్ ఒకసారి దిండు మీద రాలిన వెంట్రుకలు చూసి, డాక్టరుకు చూపించుకోరాదా అన్నాడు. ఆమె వేడి చేసిందని చెప్పింది. డాక్టరు దగ్గరికి పోతే దానికొక పేరు పెడతాడు. పేరు లేనంతకాలం అది వట్టి గడ్డే.

అన్న బెన్హర్ బుచ్చిరెడ్డిపాలెంలో రైసుమిల్లులో పనిచేసేవాడు. ఆయన తల నల్లగా, ఒత్తుగా, ఒక్క బుడిపె లేకుండా ఉండేది. అమ్మ పోలిక, తప్పించుకున్నాడు అనేవాళ్ళు చుట్టాలు. అన్న వచ్చినప్పుడల్లా ఆమె ఆ తలను చూసి సంతోషపడేది. ఆ వెంటనే ఆమె వేలు తన కుడి చెవి పైకి పోయేది.

డెబోరాకు పదిహేడు నిండిన వేసవిలో, ఒక ఆదివారం చర్చికి వెళ్ళబోతూ తల దువ్వించుకోవడానికి తల్లి ముందు కూర్చుంది. పిల్లది ఒత్తయిన జుట్టు, నడుం దాటుతుంది. ఎడమ చెవి వెనక దువ్వెన పన్ను ఎక్కడో తట్టుకుంది. అబిగయీలు దువ్వెన పక్కన పెట్టి వేలితో తడిమింది.

కందిగింజంత. నొక్కితే జరిగింది.

"ఏందమ్మా, ఆగిపోయినావు?" అంది డెబోరా.

"చిక్కు పడిందిలే," అంది తల్లి. జడ అల్లింది. మూడు పాయలు ఎట్లా కలిపిందో ఆమెకే తెలియదు. చర్చిలో అందరూ నిలబడినప్పుడు ఆమె లేవలేకపోయింది. నాయన చెంబు జారవిడిచిన చప్పుడు చెవుల్లో మోగుతుంటే, ముందు వరసలో నిలబడి పాడుతున్న కూతురి జడనే చూస్తూ కూర్చుంది. ప్రార్థన మనవులు చెప్పమన్నప్పుడు, చెప్పుకోలేని మనవి ఒకటుందని మాత్రం అంది.

ఆనాటి నించీ కూతురి తల ఆమె ఇంకెవరినీ ముట్టనివ్వలేదు. పెద్దపిల్ల, తానే దువ్వుకుంటానంటే వినలేదు. రోజూ వేలితో కొలిచేది. చెంచా చూసుకోవడంతో పాటు, నిద్ర లేచే కూతురి ముఖం ఎదురుగా నిలబడి చూసేది. పొద్దున్నే ఏదో ఒకటి అడిగి నాలుగు మాటలు పలికించేది. పిల్ల విసుక్కుంటే ఆమెకు ఊపిరి వచ్చేది. విసుక్కుందంటే నాలుక బాగానే ఉన్నట్టు.

ఇంటర్ ఫలితాలు వచ్చాయి. డెబోరా నర్సింగు చదువుతానంది. సీటు నెల్లూరులో దొరికేట్టుంది, హాస్టలులో ఉండాలి. టైటస్ పొంగిపోయి ఇరుగుపొరుగుకు చెప్పుకున్నాడు. అబిగయీలు వద్దంది. ఎందుకని అడిగితే ఒకసారి దూరం అంది, ఒకసారి నెల్లూరు నీళ్ళు పడవంది, ఇంకోసారి నర్సులది రాత్రుళ్ళ ఉద్యోగమంది. హాస్టలులో ఎవరు చూస్తారు ఆ గడ్డను? అది ఎదుగుతుంటే ఎవరు పట్టుకుంటారు? తోటి పిల్లలు జడ వేస్తూ వేలు తగిలించి, ఇదేంది అని నలుగురినీ పిలిస్తే? లోపలున్న ఈ మాటలు ఒక్కటీ పైకి రాలేదు. డెబోరా తల్లితో మాట్లాడటం తగ్గించింది. దువ్వెన తీసుకుని పిలిస్తే వచ్చి కూర్చునేది గాని రాయిలాగా కూర్చునేది.

ఆ గొడవ తేలకముందే అబిగయీలు తలలో పెద్ద గడ్డకు నొప్పి మొదలయింది. ఇన్నేళ్ళూ నొప్పి లేనిది ఎర్రబడి, కాలినట్టు మండింది. దిండు మీద తల ఆనించలేకపోయింది. టోపీ బిగువు తగిలితే కళ్ళ ముందు చీకటి కమ్మేది. ఆమె ఇక తన గడియ వచ్చిందనుకుంది. మంచి చీరలు కూతురి పేరున వేరే మడిచి పెట్టింది. టైటస్‌కు ఇష్టమైన చేపల పులుసు వరసగా వండింది. ఆయన ఏందీ విశేషమని నవ్వాడు.

షెడ్డులో ఆమె పక్కన రొయ్యలు వలిచేది చెంచులక్ష్మి. వయసులో నాలుగేళ్ళు పెద్ద, మాట కరుకు. ఒకరోజు పని మధ్యలో ఆమె ముక్కు ఎగబీల్చి, పక్కకు తిరిగి చూసింది. రొయ్యల వాసనలోనే పుట్టి పెరిగిన మనిషికి ఇది వేరే వాసన అని తెలిసింది. అబిగయీలు టోపీ కుడి పక్క పసుపుపచ్చగా తడిసి ఉంది. చెవి మీదుగా సన్నగా కారుతోంది.

అబిగయీలు చెయ్యి పెట్టి చూసుకుంది. పగిలింది. బయటికి పగిలింది, మరి లోపలికో? చేతులు పైకెత్తింది. లేచాయి. "డెబోరా," అంది. పలికింది. ఐసు నీళ్ళ తొట్టి పక్కన నిలబడి, చేతులెత్తి, కూతురి పేరు మళ్ళీ మళ్ళీ పలుకుతున్న ఆమెను చూసి చుట్టూ ఆడవాళ్ళు పని ఆపేశారు.

చెంచులక్ష్మి ఆమెను బయటికి నడిపించుకెళ్ళి, వేపచెట్టు కింద కూర్చోబెట్టి, టోపీ తీసింది. కొంగుతో చెవి మీది చీము తుడిచింది.

"ఎన్నేళ్ళ నించి మే?" అంది.

"పాప పుట్టినప్పటి నించి."

"దాచిపెడితే మానేదా అది? పా, రేపు నెల్లూరు పోదాం. నువ్వు రానంటే మీ ఆయనకు నేనే చెప్తా."

అబిగయీలు ఏడుపు అప్పుడు బయటపడింది. తన నాయన సంగతి, వేళ్ళ సంగతి, అన్నీ చెప్పింది, ఒక్క కూతురి సంగతి తప్ప.

ఆ రాత్రి ఇంట్లో చెప్పక తప్పలేదు. మర్నాడు టైటస్‌కు లోడు ఉంది. అతన్ని పనికి పొమ్మని చెంచులక్ష్మే ముందు నడిచింది. ఆసుపత్రిలో కాగితాలు చదవడానికని డెబోరా వెంట వచ్చింది. గూడూరు మీదుగా బస్సులో పోతున్నంతసేపూ తల్లీకూతుళ్ళు ఒకే సీటులో కూర్చుని కిటికీలోంచి బయటికి చూశారు. తలకు చుట్టిన తువ్వాలు కింద మంట పెడుతున్నా అబిగయీలుకు దాని మీద ధ్యాస లేదు. డాక్టరు నోట వచ్చే మాట కూతురి ముందే వస్తుంది. ఆ మాట విన్నాక ఈ పిల్ల తన తల తాను తడుముకుంటుంది. ఆసుపత్రి గేటు దగ్గర ఆటో ఆగితే ఆమె దిగలేదు. చెంచులక్ష్మి చెయ్యి పట్టి దించింది.

డాక్టరమ్మ నడివయసు మనిషి. తువ్వాలు విప్పి, చీము తుడిచి, మిగతా గడ్డల్ని ఒక్కొక్కటీ వేళ్ళతో కదిపి చూసింది. ఎప్పటి నించి, ఎట్లా పెరిగింది అని అడిగింది. ఆ తర్వాత, ఇంట్లో ఇంకెవరికైనా ఉన్నాయా అని అడిగింది.

"మా నాయనకు," అంది అబిగయీలు. "ఆయన పోయినాడు."

"పిల్లలకు?"

అబిగయీలు బల్ల అంచు పట్టుకుంది. చెప్పబోతే నోరు తిరగలేదు. ఇదేనా, నాలుక ఇప్పుడేనా పడిపోయేది అనుకుంది.

"నాకూ ఉంది మేడం," అంది పక్కనున్న డెబోరా. "చెవి వెనకాల. ఇంటర్ ఫస్టియర్ నించి ఉంది."

తల్లి తల తిప్పి చూసింది. కూతురు తల్లి వైపు చూడలేదు. డాక్టరమ్మతోనే చెప్పింది, మెల్లగా, ముందే వల్లించి పెట్టుకున్న పాఠం లాగా. తన తల్లి పొద్దున్నే చెంచాలో ముఖం చూసుకోవడం చిన్నప్పటి నించీ చూస్తున్నాననీ, తాత ఎట్లా పోయాడో వీధిలో విన్నాననీ, తనకూ వచ్చిందని తెలిస్తే అమ్మ బతకదని ఎవరికీ చెప్పలేదనీ. "దువ్వేటప్పుడు అమ్మకు దొరికిందని నాకు తెలుసు. చిక్కు పడిందనింది. నేను సరేలే అనుకున్నా."

చెంచులక్ష్మి ముఖం గోడ వైపు తిప్పుకుంది.

డాక్టరమ్మ లేచి వచ్చి డెబోరా తల చూసింది. ఒకటి కాదు, మెడ దగ్గర ఇంకొకటి కూడా ఉంది, మెంతిగింజంత. తర్వాత తన కుర్చీ అబిగయీలు ఎదురుగా జరుపుకుని కూర్చుంది. వెంట్రుక కుదురు దగ్గర చర్మం ఒక సంచిలాగా మూసుకుపోతుందనీ, గోళ్ళలో ఉండేలాంటి పదార్థమే లోపల పేరుకుంటుందనీ చెప్పింది. కొన్ని కుటుంబాల్లో ఇది తరాల వెంట వస్తుంది, ఒక బిడ్డకు రావచ్చు, ఇంకో బిడ్డకు రాకపోవచ్చు. గడ్డ పెరిగి కుదుళ్ళను నొక్కితే దాని మీద జుట్టు రాలుతుంది. ఇప్పుడు చీము పట్టింది గనక నొప్పి.

అబిగయీలు ఇవేవీ వినలేదు. "లోపలికి వేళ్ళు ఉంటాయా అమ్మా?" అంది.

డాక్టరమ్మ ఆమె చేతినే తీసుకుని, వెనకున్న గడ్డ మీద పెట్టి కదిలించింది. "కదుల్తోందా? ఇది చర్మంలో ఉంది. దీని కింద పుర్రె ఎముక ఉంది. దీనికి వేళ్ళు లేవు. ఇది మంచి గడ్డే అమ్మా, హాని చేసేది కాదు. నమ్మకం కోసం తీశాక ముక్క పరీక్షకు పంపిద్దాం."

చీము తీయడానికి పడుకోబెట్టారు. అంతకుముందు నర్సు చేతికి పట్టీ చుట్టి బీపీ చూసింది. మళ్ళీ చుట్టి చూసింది. రెండో చేతికి కూడా చూసి, డాక్టరమ్మను పిలిచింది. ఇద్దరూ ముఖాలు చూసుకున్నారు. అప్పటికి అబిగయీలు గుండెలో ఒక్క మూల తెరిపిన పడినట్టయింది, అది మళ్ళీ మూసుకుపోయింది.

డాక్టరమ్మ అడిగింది క్రీస్తుదాసు ఎట్లా పోయాడని. అబిగయీలు చెప్పింది: చెంబు, నోరు, పేరు కాని ఆ పేరు.

"అది పక్షవాతం లాగుంది అమ్మా. ఆయన్ని నేను చూడలేదు, గట్టిగా చెప్పలేను. బీపీ ఎక్కువైతే అట్లా వస్తుంది. మీకూ బీపీ బాగా ఉంది. ఎప్పుడన్నా చూపించుకున్నారా?"

ఎప్పుడూ లేదు. డాక్టరు దగ్గరికి పోతే తల చూస్తారని కాలికి మేకు గుచ్చుకున్నప్పుడు కూడా పోలేదు. ఆమె పడుకుని పైకప్పు చూసింది. భయం తగ్గలేదు, చోటు మారింది. ఇన్నేళ్ళూ నెత్తిన వేలు పెట్టి కాపలా కాస్తే, నాయనను తీసుకుపోయినది ఇంకో దారిన ఇంట్లోకి వచ్చి కూర్చుంది. అయితే దీనికి మాత్ర ఉందని డాక్టరమ్మ చెప్పింది. రోజూ వేసుకోవాలి, ఉప్పు తగ్గించాలి, మానకూడదు. నాయనకు ఈ మాట చెప్పిన వాళ్ళు లేరు.

బస్సులో తిరిగి వచ్చేటప్పుడు డెబోరా తల్లి భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. అబిగయీలు వేలు చెవి వెనక్కి పోబోయి ఆగింది.

ఇంటికి రాగానే బెన్హర్‌కు ఫోను చేసింది. ఆయన నవ్వాడు. తన తల నున్నగా ఉందనీ, ఆ పీడ తనకు తగల్లేదనీ అన్నాడు. "తల గురించి కాదు అన్నా. నాయన పోయింది దానివల్ల కాదంట. నువ్వు రక్తం పోటు చూపించుకో," అంది. ఆయన సరేసరే అని పెట్టేశాడు. ఆమె మర్నాడు చేసింది, ఆ మర్నాడూ చేసింది. వదినతో చెప్పింది. చివరికి వదిన పోరు పడలేక మిల్లు దగ్గరి క్లినిక్కుకు పోతే, అక్కడి డాక్టరు బీపీ చూసి, ఆయన్ని ఇంటికి పోనివ్వకుండా సాయంత్రం దాకా పడుకోబెట్టి మందులిచ్చాడు. ఆ రాత్రి బెన్హరే ఫోను చేశాడు. మాత్ర పొద్దున వేసుకోవాలా, రాత్రి వేసుకోవాలా అని అడిగాడు.

చీము ఆరి, బీపీ దారికి వచ్చాక గడ్డలు తీశారు. మత్తు సూది తల వరకే. కత్తి చర్మాన్ని లాగుతున్నట్టు తెలుస్తోంది, నొప్పి లేదు, నొప్పి లేకపోవడమే ఆమెకు ఎక్కువ భయం వేసింది. కళ్ళు మూసుకుని తెలిసిన కీర్తనలన్నీ కలిపేసి చెప్పుకుంది. పూర్తయ్యాక డాక్టరమ్మ ట్రేలో చూపించింది. వెనకదీ పక్కదీ తెల్లగా, గుండ్రంగా, ఉడికిన కోడిగుడ్డు తెల్లసొనలాగా చెదరకుండా వచ్చాయి. పగిలినది మాత్రం చిరిగిన పొరలాగా ఉంది. దేనికీ వేళ్ళు లేవు. అబిగయీలు ట్రే తీసుకుపోతుంటే ఆపి మళ్ళీ చూసింది.

పరీక్ష ఫలితం వచ్చేదాకా మళ్ళీ అన్నం సహించలేదు. డాక్టరమ్మ చెప్పిందే కాగితం మీదా వచ్చింది. డెబోరాది చిన్నది, అడ్డం లేకపోతే తియ్యనక్కర్లేదు, ఎర్రబడినా పెరిగినా రమ్మన్నారు.

కుట్లు మానిన చోట జుట్టు అక్కడక్కడా మొలిచింది. పెద్దగడ్డ ఉన్న చోట మాత్రం రాలేదు. అబిగయీలు పాపిడి అట్లాగే ఉంచుకుంది. షెడ్డులో అందరికీ తెలిసిపోయింది గనక, భోజనాల వేళ టోపీ తీసి తల ఆరబెట్టుకుంటుంది. చెంచా అలవాటు పూర్తిగా పోలేదు. మాత్ర వేసుకున్నాక, ఒక్కొక్కనాడు చూసుకుంటుంది.

డెబోరా నర్సింగులో చేరింది. హాస్టలులో దించి వచ్చిన మొదటి వారమంతా అబిగయీలు ఫోను కొంగులో కట్టుకుని తిరిగింది. ఆదివారం కూతురు మాట్లాడింది. గదిలో ఉండే అనూష అనే పిల్ల జడ వేస్తూ, చెవి వెనక ఇదేమని అడిగిందట.

అబిగయీలు మంచం అంచున కూర్చుండిపోయింది. "నువ్వేం చెప్పినావు?"

"ఉన్నదే చెప్పినా. మా ఇంట్లో వస్తాయి, మా తాతకు, మా అమ్మకు, నాకు అని. నొప్పా అనింది. లేదన్నా. మిగతా జడ వేసింది."

"ఇంకేం అనలేదా?"

"ఇంకేమంటుంది? నువ్వు మాత్ర వేసుకున్నావా?"

వేసుకున్నానని తల్లి చెప్పింది. హాస్టలులో సాంబారు ఉప్పగా ఉంటుందనీ, మజ్జిగ బాగుంటుందనీ కూతురు చెప్పింది. అయితే మజ్జిగన్నమే తినమని అబిగయీలు అంది.